"ఏం చేసిండని? పలకరించిండు, గంతే గదా" అనే పెద్దలకు పాలమూరు నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన మహబూబ్‌నగర్ జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా ఎస్పీ గారికి, మున్సిపల్ కమిషనర్ గారికి, ఆర్టీసీ అధికారులకు, కళాశాలల ప్రిన్సిపాళ్లకు, వర్తక సంఘాల, ఆటో యూనియన్ల పెద్దలకు నమస్కారాలు.

విషయం: పట్టణ వీధుల్లోనూ బస్టాండు పరిసరాల్లోనూ అమ్మాయిలను, ఆడవాళ్లను ముక్కూమొహం తెలియని మగవాళ్లు పలకరింపుల పేరుతో, కామెంట్లతో వేధించడం గురించి, చట్టంలో ఇప్పటికే ఉన్న చర్యలను అమలు చేయవలసిందిగా కోరడం గురించి.

నేను ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయినిని. మా ఇంటి మేడ మీది గదులను చదువుకునే అమ్మాయిలకు అద్దెకిస్తాను. కోయిలకొండ, హన్వాడ, దేవరకద్ర, మక్తల్, కోస్గి వైపు పల్లెల నుంచి వచ్చిన ఈ పిల్లల్లో కొందరు ఇంటర్, కొందరు డిగ్రీ, కొందరు నర్సింగ్ చదువుతున్నారు. ఒకరిద్దరు పోటీ పరీక్షలకు తయారవుతున్నారు. వీళ్లు రోజూ వీధిలో పడుతున్న అవస్థ గురించి మా కాలనీ తల్లులం కొందరం కలిసి ఒక వినతిపత్రం రాసి, సంబంధిత కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకున్నాము. కొన్నాళ్లకు వెళ్లి అడిగితే, పేర్లు లేవు, బండి నంబర్లు లేవు, ఎవరి మీద చర్య తీసుకోమంటారు అన్నారు. మరో కార్యాలయానికి పంపించామన్నారు. అక్కడికి వెళ్తే తమకు చేరలేదన్నారు. ఆ కార్యాలయాల పేర్లు నేనిక్కడ రాయను, ఎందుకంటే ఒక గుమాస్తాను దోషిగా నిలబెడితే ఈ సమస్య ఒక్క అంగుళం కూడా కదలదు. అయితే "ఎవరి మీద చర్య తీసుకోమంటారు" అన్న ప్రశ్నకు జవాబు ఉంది. ఆ జవాబు అందరి ముందూ చెప్పడానికే ఈ లేఖ.

జరుగుతున్నది ఇది. ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర మధ్య, మళ్లీ సాయంత్రం నాలుగున్నర నుంచి బాగా చీకటి పడేదాకా, బస్టాండు బయట, కాలేజీలకు పోయే దారుల మలుపుల్లో, కొన్ని చాయ్ దుకాణాల ముందు, పాన్ డబ్బాల పక్కన ముగ్గురు నలుగురు చొప్పున కుర్రవాళ్లు నిలబడి ఉంటారు. కొన్నిచోట్ల నడివయసు మగవాళ్లు కూడా ఉంటారు, ఇది కుర్రతనం కాదని చెప్పడానికి అదొక్కటి చాలు. పోతున్న అమ్మాయిని చూసి ఈల వేస్తారు, వేసుకున్న బట్టల రంగుతో పిలుస్తారు, సినిమా పాట అందుకుంటారు, ఫోను ఎత్తి పట్టుకుంటారు; ఫొటో తీస్తున్నాడో ఊరికే బెదిరిస్తున్నాడో ఆమెకు తెలియదు. ఇదంతా అందరూ ఎరిగిన అల్లరే. ఇంతకన్నా ఎక్కువగా ఉన్నదీ, ఫిర్యాదుకు చిక్కకుండా జారిపోతున్నదీ మరొకటి ఉంది. అది మర్యాదగా కనిపించే పలకరింపు. "హలో మేడం, గుడ్ మార్నింగ్." "ఇయ్యాల ఒక్కరే పోతున్నరేంది?" "నిన్న కాలేజీకి రాలేదు, పానం మంచిగ లేదా?" వీటిలో ఒక్క చెడ్డమాట కూడా లేదు. అడిగినవాడెవరో ఆమెకు తెలియదు. ఆమె నిన్న రాలేదన్న సంగతి మాత్రం అతనికి తెలుసు.

మా మేడ మీద ఉండే ఒక అమ్మాయి గేటు దాటగానే ఫోను చెవికి ఆనించుకుని, "ఆ నాన్నా, వస్తున్న, సెంటర్ దాకా వచ్చిన" అంటూ నడవడం మొదలుపెడుతుంది. అవతల ఎవరూ ఉండరు. వాళ్ల నాన్న పుణెలో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు, పగటిపూట ఫోను ఎత్తడు. మిగిలిన పిల్లలూ ఆమెను చూసి అదే నేర్చుకున్నారు. ఒకనాటి సాయంత్రం నేను కూరగాయలకని వెళ్లి ఆమెకు కొంచెం వెనకగా వస్తుండగా, ఒక బైకు ఆమె పక్కకు వచ్చి నడక వేగానికి తగ్గింది. బండి మీదివాడు ఎక్సలేటర్ తిప్పి వదులుతూ, "నాన్నకు మా నమస్తే చెప్పుండ్రి మేడం" అన్నాడు. వెనక కూర్చున్నవాడు నవ్వాడు. ఆమె మాట ఆపలేదు, తల తిప్పలేదు. చున్నీ పట్టుకున్న చెయ్యి మాత్రం వణికింది. పక్కనే ఉన్న జిరాక్స్ షాపు ముందు నలుగురు పెద్దమనుషులు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకాయనను నేను ఆగి అడిగితే, ఈ లేఖకు శీర్షికగా పెట్టిన మాట ఆయన అన్నదే.

ఆ మాటకు బదులు చెప్పాలి. పలకరింపులు మన ప్రాంతానికి కొత్త కాదు. పల్లెవెలుగు బస్సులో పక్కన కూర్చున్న పెద్దమ్మ "యాడికి బిడ్డా, ఎవరోళ్ల పిల్లవు?" అని అడగకుండా దేవరకద్ర దాటదు. ఆ అడగడంలో బెదురు లేదు. జవాబు చెప్పకపోతే ఆమె కిటికీ వైపు తిరిగి తన తమలపాకు తాను చూసుకుంటుంది, మర్నాడు అదే చోట కాపు కాయదు. వీధిలో వీళ్లు చేసే పలకరింపుకు జవాబు ఇస్తే "మాట కలిపింది" అంటారు. ఇవ్వకపోతే "పొగరు" అని గట్టిగా వినపడేలా అంటారు, లేదా వెంట వస్తారు. ఏది చేసినా నష్టపోయేది ఆమే. చట్టం ఈ తేడాను ఎప్పుడో గుర్తించింది. పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం, ఇష్టం లేదని ఒక స్త్రీ స్పష్టంగా తెలియజేసినా వినకుండా ఆమె వెంటపడి, పరిచయం పెంచుకోవడానికి మళ్లీ మళ్లీ ప్రయత్నించడం నేరం. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే అయిదేళ్ల వరకు జైలు. లైంగికమైన వ్యాఖ్యలు చేయడం 75వ సెక్షన్ కిందికి, స్త్రీ గౌరవానికి భంగం కలిగించాలని మాట, శబ్దం, సైగ చేయడం 79వ సెక్షన్ కిందికి వస్తాయి. నిర్భయ ఘటన తరువాత జస్టిస్ వర్మ కమిటీ నివేదిక దరిమిలా 2013లో పాత శిక్షాస్మృతిలో చేరిన వెంటపడటం, లైంగిక వేధింపు వంటి నేరాలే ఇప్పుడు కొత్త నంబర్లతో ఉన్నాయి. కాబట్టి "గుడ్ మార్నింగ్ అంటే కేసా?" అని ఎగతాళి చేసేవారికి నా జవాబు: ఒకసారి అంటే కాదు. ఆమె తల తిప్పుకున్నాక రోజూ కాపు కాసి, బండి తగ్గించి, వెంట వచ్చి అంటే అవును.

దీనివల్ల మామూలు కుటుంబాలకు ఏమవుతున్నదో అధికారుల దృష్టికి తెస్తున్నాను.

1. చదువు ఆగిపోతున్నది. అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదే. 2011 జనాభా లెక్కల నాటికి అక్షరాస్యతలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తానికి అట్టడుగున ఉన్న జిల్లా మనది. అప్పటికి మన ఆడవాళ్లలో సగం మందికి కూడా చదవడం రాయడం రాదు. ఆ తల్లుల కడుపున పుట్టి, ఇంట్లో మొట్టమొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలు వీళ్లు. చాలామంది తల్లిదండ్రులు ముంబయి, పుణె, హైదరాబాద్‌లకు వలస పోతే, పిల్ల నాయనమ్మ దగ్గరో అద్దె గదిలోనో ఉండి చదువుకుంటున్నది. ఎవడో వెంటపడుతున్నాడన్న మాట ఇంటికి చేరిందంటే తండ్రి కూలి పోగొట్టుకుని రాత్రికి రాత్రి బయలుదేరి వస్తాడు. కాలేజీకి వెళ్లి గొడవ చేసే ధైర్యం, తీరిక అతనికి లేవు. చేయగలిగింది ఒక్కటే, పిల్లను తీసుకుపోవడం. టీసీ తీసుకున్నప్పుడు దరఖాస్తులో "కుటుంబ కారణాలు" అని రాస్తారు. ఆరు నెలలు తిరక్కుండా పెళ్లి పత్రిక వస్తుంది. ఇలా వెళ్లిపోయిన పిల్లలు నాకు తెలుసు. వాళ్లలో ఒకరికి లెక్కల్లో వచ్చిన మార్కులు ఈ కాలనీలో ఏ మగపిల్లవాడికీ రాలేదు.

2. ఇంట్లో నోరు విప్పడం మానేస్తున్నారు. పై సంగతి పిల్లలకు బాగా తెలుసు కాబట్టి అమ్మానాన్నలకు చెప్పరు, అన్నలకు అసలే చెప్పరు. ఆపద నిజంగా ముంచుకొచ్చిన రోజున సహాయం అడగవలసిన మనుషుల దగ్గరే వాళ్లకు దాపరికం అలవాటైపోయి ఉంటుంది.

3. ప్రభుత్వం ఇచ్చిన మేలు వీధిలో కరిగిపోతున్నది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఊరి నుంచి బస్టాండు దాకా జీరో టికెట్ మీద వచ్చిన పిల్ల, నడిచి పోగలిగిన దూరానికి ఆ నలుగురి ముందు నుంచి నడవలేక షేర్ ఆటో ఎక్కుతుంది. ఆటో నిండేదాకా ఆగితే మొదటి క్లాసు పోతుంది. సాయంత్రం ప్రాక్టికల్స్, లైబ్రరీ వదులుకుని వెలుతురుండగానే గదికి చేరుతుంది.

4. పనిచేసే ఆడవాళ్ల గోస ఎవరి లెక్కలోనూ లేదు. బట్టల దుకాణాల్లో సేల్స్ గర్ల్స్ రాత్రి షట్టర్ దించాకే బయటపడతారు. నర్సులకు డ్యూటీ మారే వేళలు వేరు. తెల్లవారకముందే వీధులు ఊడ్చే పారిశుధ్య కార్మికులను మేడం అని పిలిచే పాటి వెటకారపు మర్యాద కూడా ఉండదు. వాళ్లతో అనే మాటలు నేనిక్కడ రాయలేను.

5. మగపిల్లలూ దెబ్బతింటున్నారు. చెల్లెలి కోసం కొట్లాటకు దిగిన అన్న మీద కేసయితే అతని ఉద్యోగావకాశాలు పోతాయి. బస్సు కోసం బుద్ధిగా నిలబడిన పిల్లవాడిని కూడా ఆడపిల్లలు అనుమానంగా చూడవలసి వస్తున్నది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. "ఫిర్యాదులు రావడం లేదు కదా" అన్న మాట మాకు చాలాచోట్ల ఎదురైంది. ఫిర్యాదు చేస్తే చదువు పోయేది చేసిన పిల్లకే అయినంతకాలం ఫిర్యాదు రాదు. రాని ఫిర్యాదును చూపించి వీధి ప్రశాంతంగా ఉందనడం న్యాయం కాదు. ఈ భారం అమ్మాయి భుజం మీద నుంచి దించి, ఆ చోటును నడిపే వారి మీద పెట్టాలి. ఇది నా సొంత కోరిక కాదు. 2012 నవంబర్ 30న సముత్తిరం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. తమిళనాడులో ఒక బస్టాండులో మహిళతో అసభ్యంగా ప్రవర్తించిన పోలీసు ఉద్యోగి కేసు అది. క్రిమినల్ కోర్టులో నేరం నిలబడకపోయినా ఉద్యోగం నుంచి తొలగించడం సరైనదేనన్న ధర్మాసనం, అంతటితో ఆగకుండా దేశమంతటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, సినిమా హాళ్లు, గుళ్లు వంటి చోట్ల మఫ్టీలో మహిళా పోలీసులను పెట్టాలి; సీసీ కెమెరాలు బిగించాలి; హెచ్చరిక బోర్డులు కనబడేలా పెట్టాలి; విద్యాసంస్థల బాధ్యులు తమ ప్రాంగణంలో జరిగిన దాని గురించి ఫిర్యాదు వస్తే పోలీసులకు చేరవేయాలి; బస్సులో వేధింపు జరిగితే సిబ్బంది బండిని దగ్గరి ఠాణాకు తీసుకుపోవాలి. కలెక్టర్లకు, ఎస్పీలకు ఈ మేరకు సూచనలు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వాలకు చెప్పింది. ఇందులో బండి నంబరు తెచ్చి ఇమ్మని అమ్మాయిని అడిగిన ఆదేశం ఒక్కటీ లేదు.

ఇంటర్ పిల్లల సంగతి ఇంకా గట్టిది. పద్దెనిమిది నిండని వాళ్లందరికీ పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టడానికి వచ్చిన 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. లైంగిక ఉద్దేశంతో మాట అనడం, సైగ చేయడం, పదేపదే వెంటపడటం ఆ చట్టంలోని 11వ సెక్షన్ కింద నేరం. నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా 21వ సెక్షన్ కింద శిక్షార్హమే. తమ దుకాణం ముందు రోజూ జరిగేది చూస్తూ చాయ్ పోస్తున్నవారు, తరగతి గదిలో విని ఊరుకుంటున్నవారు ఈ సెక్షన్‌ను ఒకసారి చదివించుకుని వినవలసిందిగా కోరుతున్నాను.

2014లో హైదరాబాద్‌లో మొదలై, మరుసటి ఏడాది జిల్లాలకు వచ్చిన, ఆడవాళ్లను వేధించేవారిని పట్టుకునే పోలీసు బృందాలైన షీ టీమ్‌ల పనిని మేము తక్కువ చేయడం లేదు. వాళ్లు మఫ్టీలో నిలబడిన రోజున ఆ మలుపు ఎలా ఖాళీ అవుతుందో పిల్లలే చెబుతారు. మిగిలిన రోజుల సంగతి ఏమిటన్నదే మా ప్రశ్న. అందుకే ఈ కింది పనులు చేయవలసిందిగా డిమాండ్ చేస్తున్నాము.

1. ఉదయం, సాయంత్రం కాలేజీ వేళల్లో బస్టాండు, రైల్వే స్టేషన్, క్లాక్ టవర్, న్యూటౌన్, మెట్టుగడ్డ, యూనివర్సిటీకి పోయే బండమీదిపల్లి దారిలో మఫ్టీ మహిళా సిబ్బంది క్రమం తప్పకుండా ఉండేలా చూడాలి. ఎవరో ఫిర్యాదు చేసిన తరువాత రావడం వేరు, ఎప్పుడూ ఉండటం వేరు.

2. పేరు చెప్పకుండా చోటు, వేళ మాత్రమే రాసి ఇచ్చే ఫిర్యాదును కూడా తీసుకోవాలి. "ఫలానా మలుపు, సాయంత్రం అయిదున్నర" అని పదిమంది రాస్తే ఎవరి మీద చర్య తీసుకోవాలో అక్కడ నిలబడి చూసిన పోలీసుకు తెలుస్తుంది. ప్రతి మహిళా కళాశాలలో, హాస్టల్లో ఇందుకోసం తాళం వేసిన పెట్టె పెట్టి, దానిని మహిళా పోలీసులే తెరవాలి.

3. ఫిర్యాదు చేసిన మేజర్ అమ్మాయి సమ్మతి లేకుండా ఆమె ఇంటికి కబురు పంపకూడదు. మందలించడానికి పిలిపించవలసింది వేధించినవాడి తల్లిదండ్రులను.

4. ఠాణా మెట్లు ఎక్కాలన్న భయం పోగొట్టాలి. ఈ నేరాల్లో బాధితురాలు చెప్పింది మహిళా అధికారే నమోదు చేయాలని, కేసుల విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్, సాక్షిగా విచారించాలంటే స్త్రీని ఆమె ఉండే చోటనే విచారించాలని 179వ సెక్షన్ చెబుతున్నాయి. నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా జీరో ఎఫ్ఐఆర్ రాయవచ్చు. 79వ సెక్షన్ కింద వచ్చే ఫిర్యాదును నమోదు చేయని ఉద్యోగికి న్యాయ సంహిత 199వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలకు తక్కువ కాని జైలుశిక్ష ఉంది. ఇవన్నీ తెలుగులో, పెద్ద అక్షరాలతో, ప్రతి ఠాణా గోడ మీద రాయించాలి.

5. మున్సిపల్ కార్పొరేషన్ వారు వెలగని వీధి దీపాలను కాలేజీ దారుల నుంచి మొదలుపెట్టి బాగుచేయాలి. దుకాణం ముందు గుంపును వేధింపులకు వదిలేస్తున్నారని రుజువైన చోట, ట్రేడ్ లైసెన్స్ విషయంలో ముందు నోటీసు, తరువాత చర్య ఉండాలి. వర్తక సంఘాలు తమంతట తామే "మా దుకాణం ముందు ఆడపిల్లలను ఏడిపిస్తే 112కు ఫోన్ చేస్తాము" అన్న బోర్డు పెడితే నోటీసుల అవసరమే రాదు.

6. ఆర్టీసీ వారు బస్టాండులో 112 (అత్యవసర సహాయం), 181 (మహిళా హెల్ప్‌లైన్) నంబర్లున్న బోర్డులు పెట్టాలి. బస్సులో ఫిర్యాదు వస్తే బండిని ఠాణాకు మళ్లించాలని కండక్టర్లకు, డ్రైవర్లకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఆలస్యానికి వాళ్ల మీద మెమో రాకూడదు. ఆటో యూనియన్లు ప్రతి బండి వెనక సీటు ముందు డ్రైవర్ పేరు, నంబరు అతికించాలి.

7. మగపిల్లల కాలేజీల్లో ఈ సెక్షన్ల మీద ఏడాది మొదట్లోనే తరగతి పెట్టాలి. ఇప్పటిదాకా జాగ్రత్తల మీద ఉపన్యాసాలు వింటున్నది ఆడపిల్లలే.

ఏవి కోరడం లేదో కూడా చెప్పాలి. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి కలిసి నడుస్తుంటే ఆపి ఊరి పేరు, కులం అడగమని మేము కోరడం లేదు. కుర్రవాళ్లను రోడ్డు మీద గుంజీలు తీయించి వీడియో తీయమని కోరడం లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆడపిల్లల హాస్టళ్ల గేట్లు సాయంత్రం ఆరుకే మూయించమని కోరడం లేదు. మా వినతిపత్రం చదివిన ఒక పెద్దమనిషి ఇచ్చిన సలహా అదే కాబట్టి దీన్ని ప్రత్యేకంగా రాయవలసి వచ్చింది.

ఈ లేఖ ప్రతిని వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణిలో అందజేస్తాము. పై ఏడింటిలో ఏది ఏ శాఖ చేస్తుంది, ఎప్పటిలోగా చేస్తుంది, బాధ్యులైన అధికారి ఎవరు అన్నది నెల రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయాలి. ఏదైనా చేయలేమనుకుంటే ఎందుకు చేయలేరో కారణం రాయాలి. ఆ జవాబు మా ఇంటికి పంపనక్కరలేదు. బస్టాండు నోటీసు బోర్డు మీద, మహిళా కళాశాలల గేట్ల దగ్గర అంటించండి.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయిని ఒకరు,
కాలనీ తల్లుల పక్షాన,
మహబూబ్‌నగర్